పేపర్లు కొనిచ్చాం సరే, మూడు గంటలు ఇచ్చామా?

ఈసారి ముందు నా మీదే ఫిర్యాదు రాసుకుంటున్నాను. ఆ తర్వాత మీ మీద రాస్తాను, నారాజ్ కావద్దు.

మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చలికాలం సెలవుల్లో పుస్తకాల దుకాణానికి తీసుకెళ్లి ఎంసెట్ పాత పేపర్ల కట్ట ఒకటి, మోడల్ పేపర్ల కట్ట ఒకటి కొనిచ్చాను. ఇంటికొచ్చి అమ్మీజాన్‌తో "నీ పోతీకి ఏ కమీ చేయలేదు" అని ఛాతీ విరుచుకొని చెప్పాను.

నెల తర్వాత ఆ కట్టలోని ఒక పేపర్ నా చేతికొచ్చింది. అంచున పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది: "9.00 మొదలు. 9.40 చాయ్. 9.55 కూర్చున్నా. 10.30 ఫూఫీ వచ్చింది. 11.10 కూర్చున్నా. 11.25 రోటీలు. ఆపేశా." వెనక కెమిస్ట్రీ పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

ఆ చాయ్ అడిగింది నేనే. మా చెల్లెలు వచ్చినప్పుడు "బేటీ, ఫూఫీకి సలామ్ చెప్పు, నాష్తా పెట్టు" అని గొంతెత్తి పిలిచిందీ నేనే. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి అదే ఇంట్లో మొబైల్‌లో క్రికెట్ చూస్తూ ఉన్నాడు. వాణ్ని ఎవరమూ లేపలేదు.

హిసాబ్ చేద్దాం. ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, ఇంజనీరింగ్‌కి 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. టైము 180 నిమిషాలు. ఒక్కో సవాల్‌కి దొరికేది 67 సెకన్ల చిల్లర. మేం మా బిడ్డను మూడుసార్లు లేపి తీసుకున్నది 90 నిమిషాలు. అంటే 80 సవాళ్లు. మ్యాథ్స్ మొత్తం ఎంతో, అంత. సగం పేపర్‌ని చాయ్‌లో ముంచి తాగేశాం. తర్వాత "మార్కులెందుకు రావడం లేదు?" అని మొహం ముడుచుకున్నదీ మేమే.

భాయియో, బహెనో, మన ఇళ్లల్లో ప్రాక్టీస్ పేపర్ ఒక తావీజు అయిపోయింది. కొని బిడ్డ మెడలో కడితే చాలు, ర్యాంకు దానంతటదే వస్తుందనుకుంటున్నాం. కాగితంలో ఏ బర్కత్ లేదు. బర్కత్ ఉన్నది మూడు గంటలు లేవకుండా కూర్చోవడంలో, తర్వాత చేసిన గలతీని కళ్లు పెట్టి చూసుకోవడంలో. మొదటిది ఇల్లు ఇవ్వాలి. రెండోది బిడ్డ చెయ్యాలి. ఇల్లు తన వంతు ఎగ్గొట్టి, బిడ్డ వంతు మీద లెక్చర్ దంచుతోంది.

పాఠం వేరు, పేపర్ వేరు. పాఠం అరగంట చదివి లేచినా మళ్లీ అక్కడి నుంచి అందుకోవచ్చు. పేపర్ అట్లా కాదు. రెండో గంటలో తల బరువెక్కినప్పుడు ఏ సవాల్ వదిలెయ్యాలి, ఏది పట్టుకోవాలి అనే తమీజ్ అదే పనిగా కూర్చుంటేనే వస్తుంది. ముక్కలు ముక్కలుగా పది పేపర్లు రాసిన బిడ్డకు ఒక్క పేపర్ పూర్తిగా రాసిన అనుభవం ఉండదు. అసలు రోజున సెంటర్లో మూడో గంట ఆమెకు పరాయి దేశం.

ఇది ఆడపిల్లల మాటే కాదు. దుకాణం ఉన్న ఇంట్లో కొడుకుని గల్లా దగ్గర కూర్చోబెట్టి, గిరాకీ లేనప్పుడు రాసుకో అంటాం. మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తూ ఇంటిగ్రేషన్ చెయ్యమంటాం. కాకపోతే మగపిల్లాణ్ని లేపినందుకు ఎవరో ఒకరు "పాపం, చదువుకోనీ" అంటారు. ఆడపిల్లను లేపితే ఆ మాట అనే మనిషి కూడా ఉండడు. రోటీలు ఆమె ఫర్జ్ అని ఎవరు రాశారు?

ఇప్పుడు బిడ్డల వంతు. పేపర్ రాయడం, కీ తిప్పడం, మార్కులు కూడడం, పక్కన పడెయ్యడం. ఇది ప్రాక్టీస్ కాదు. మన దీన్‌లో ముహాసబా అనే మాట ఉంది. పడుకునే ముందు ఆ రోజు తన హిసాబ్ తాను చూసుకోవడం. పేపర్‌కీ అదే కావాలి. తప్పు పోయిన ప్రతి సవాల్ పక్కన నాలుగింట్లో ఒకటి రాయాలి: పాఠమే తెలియదు, తెలుసు గాని లెక్క తప్పింది, ప్రశ్న సరిగ్గా చదవలేదు, టైము చాలలేదు. ఒక్కో రోగానికి ఒక్కో దవా. పాఠం తెలియనివాడు ఇంకో పేపర్ రాసి ఏం లాభం? తెలుగు అకాడమీ పుస్తకం దగ్గరికి వెనక్కి పోవాలి. లెక్క తప్పేవాడికి కొత్త పాఠం అక్కర్లేదు, రఫ్ వర్క్ శుభ్రంగా చేసే అలవాటు కావాలి. మూడు గంటలు రాస్తే మూడు గంటలు ముహాసబా. ఆ లెక్కన చేసిన పది పేపర్లు, కీ చూసి విసిరేసిన యాభై పేపర్ల కంటే మేలు.

ఇంకో మాట. ఏ పరీక్షకు ఆ పేపరే రాయాలి. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకి మార్కు కోత లేదు. కాబట్టి ఒక్క సవాల్ కూడా ఖాళీ వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత. అక్కడ ఆగాల్సిన చోట ఆగాలి. రెండూ కలిపి గజిబిజిగా రాసిన బిడ్డ ఇక్కడ భయపడి వదిలేస్తుంది, అక్కడ ధైర్యం చేసి పోగొట్టుకుంటుంది. పైగా ఈఏపీసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే. కాగితం మీద ఎంత రాసినా, స్క్రీన్ మీద ప్రశ్న చూస్తూ పక్కన రఫ్ చేసే అలవాటు వేరు. అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్టు ముఫ్త్‌గా దొరుకుతుంది. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే అమ్మాయిని ఇంటర్నెట్ సెంటర్‌కి పంపడానికి మనసొప్పదు కదా. అయితే అబ్బా, మీరే వెంట వెళ్లి పక్కన కూర్చోండి. షాదీ షాపింగ్‌కి నాలుగు గంటలు కూర్చోగలిగిన వాళ్లం, దీనికి మూడు గంటలు కూర్చోలేమా?

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు.

"అల్లాహ్ రాసిపెట్టిందే జరుగుతుంది" అంటారు. బేషక్. కాని ఒంటెను కట్టి తవక్కుల్ చెయ్యమన్నది మన హదీసే. కట్టకుండా వదిలేసి తఖ్దీర్‌ని నిందించడం తవక్కుల్ కాదు, బద్ధకం. దువా చేద్దాం. దువా చేసే నోటితోనే "బేటీ, చాయ్" అనకుండా ఉందాం.

"మనకి బీసీ-ఈ కోటా ఉంది కదా" అంటారు. 2007 చట్టంతో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు వచ్చిన 4 శాతం అది. కోర్టుల్లో నలిగి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. దాని కోసం కొట్లాడిన వాళ్లకు సలాం. కాని ఆ కోటాలో సీటు కూడా ర్యాంకు వరసలోనే ఇస్తారు. తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా పోయింది. ఇక్కడి బిడ్డకు ర్యాంకు తెచ్చేది ఆ మూడు గంటలే. కోటా దర్వాజా తెరుస్తుంది, నడవాల్సింది బిడ్డే.

"ఆడపిల్లకి ఇంజనీరింగ్ ఎందుకు" అని ఇంకా అనే వాళ్లకు నా దగ్గర జవాబు లేదు. ఇల్మ్ తలబ్ చెయ్యడం గురించి జుమా బయాన్‌లో తలూపే వాళ్లు, ఇంటికొచ్చి ఆ మాట ఎట్లా అంటారో వాళ్లే చెప్పుకోవాలి.

"మా ఇల్లు రెండు గదులు, తలుపేసుకొని కూర్చోవడానికి జాగా ఏదీ?" అంటారు. ఈ ఒక్క మాట ముందు నేను తల దించుతాను. ఇది బహానా కాదు, నిజం. అందుకే ఈ సవాల్ మస్జిద్ కమిటీలను అడుగుతున్నాను. ప్రతి మొహల్లాలో మక్తబ్ గది ఉంది, కొన్ని చోట్ల షాదీఖానా ఉంది. ఆదివారం పొద్దున 9 నుంచి 12 వరకు ఒక గది తెరవండి. ఒక గడియారం, నాలుగు బల్లలు, తాగే నీళ్లు. అమ్మాయిలకు వేరే గది, లేదా వేరే రోజు. తొమ్మిదింటికి పేపర్ పంచి పన్నెండింటికి తీసుకునే మనిషి ఒకరు చాలు. జొహర్ నమాజ్‌కి ఏ అడ్డూ రాదు. మైకు కొనడానికి చందా వసూలు చేశాం. ఒక గదిలో మూడు గంటల నిశ్శబ్దానికి చందా కూడా అక్కర్లేదు.

ఆ పేపర్ చూసిన రాత్రి మా బిడ్డను మాఫీ అడిగాను. "పర్వాలేదు అబ్బా" అంది. పర్వాలేదు అనడం ఆమెకి ఎప్పుడో అలవాటైపోయింది, దానికే నాకు ఎక్కువ బాధేసింది.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం 9 నుంచి 12 వరకు చాయ్ పెట్టేది నేను. మెహమాన్ వస్తే నాష్తా అందించేది మా అబ్బాయి. మొదటి వారం వాడు గొణిగాడు. మా చెల్లెలు "ఇదేం రివాజ్ భాయ్?" అని నవ్వింది. కొత్త రివాజ్ అన్నాను. కిందటి ఆదివారం పేపర్ అంచున రెండే మాటలున్నాయి: "9.00 మొదలు. 12.00 అయిపోయింది." మార్కులు ఎన్నని నేను అడగలేదు. తనే ముహాసబా చేసుకుంటోంది.

ఈ ఆదివారం మీ ఇంట్లో చాయ్ ఎవరు పెడుతున్నారు?