తుఫాను లెక్కల్లో చెట్టుకు చోటుంది, గోదాముకు లేదు
పలాస జీడి కార్ఖానాలకు బీమాయే ఆసరా

శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాలకు అక్టోబరు వస్తే గుబులే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాలు దెబ్బతిన్నాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఆరేళ్లలో మూడు తుఫానులు, మూడూ అక్టోబరు రెండో వారంలోనే.

తిత్లీ తరువాత అధికారులు తోటల్లో తిరిగి కూలిన కొబ్బరిచెట్లను లెక్కించారు. జీడితోటల నష్టాన్ని హెక్టార్ల లెక్కన రాసుకున్నారు. పరిహారం చాలిందా, సకాలంలో అందిందా అన్నది వేరే మాట. రైతుకు ప్రభుత్వ లెక్కల్లో ఒక పద్దు అంటూ ఉంది. ఆ రైతు పండించిన పిక్కలను కొని, ఉడికించి, పప్పు తీసే కార్ఖానాకు మాత్రం అటువంటి పద్దు లేదు. విపత్తు సహాయ నిబంధనల్లో ఇళ్లు, పంటలు, పశువులు, పడవలు, వలలు, చేనేత వారి పనిముట్లు ఉన్నాయి. వ్యాపారి సరకు, గోదాము, రేకుల షెడ్డు లేవు.

ప్రభుత్వం ప్రత్యేకంగా తలచినప్పుడే వీరికి ఏదైనా అందుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగిన కిరాణా దుకాణాలకు 25 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. కొట్టు తలుపు మళ్లీ తెరవడానికి అది చేయూతే గాని, నీట మునిగిన సరకుకు బదులు కాదు.

నిల్వలు నిండుగా ఉన్నప్పుడే గండం

జీడిపిక్కలు వేసవిలో చేతికి వస్తాయి. కార్ఖానా ఏడాది పొడవునా నడవాలంటే ఆ రెండు మూడు నెలల్లోనే కొని నిల్వ వేసుకోవాలి. చాలని పిక్కలను ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించుకుంటారు. దసరా, దీపావళి గిరాకీకి పప్పు కూడా సిద్ధం చేసి ఉంచుతారు. అంటే తుఫానుల కాలం వచ్చేసరికి గోదాముల్లో పెద్ద నిల్వలే ఉంటాయి. ఆ సరకు కొనడానికి చాలామంది బ్యాంకుల్లో అప్పు తెస్తారు.

పిక్క తడిస్తే బూజు పడుతుంది. పప్పు తడిస్తే రంగు మారి ధర పడిపోతుంది. సరకు పోయినా అప్పు పోదు. కార్ఖానా మూతపడితే పప్పు పొట్టు తీసి, రకాలు వేరుచేసే ఆడకూలీలకు కూలి ఉండదు. అప్పుల్లో మునిగిన వ్యాపారి మరుసటి వేసవిలో పిక్కలు కొనలేకపోతే రైతుకు ధర ఉండదు. కాబట్టి ఇది వ్యాపారుల బాధ అని ఊళ్లు ఊరుకునే విషయం కాదు.

అగ్నిప్రమాదానికి, తుఫానుకు ఒక తేడా ఉంది. నిప్పు అంటుకుంటే ఒక గోదాము కాలుతుంది. పక్క వ్యాపారి చేబదులు ఇస్తాడు, బంధువులు ఆదుకుంటారు. తుఫాను వస్తే పక్క వ్యాపారి, బంధువు, అప్పిచ్చే షావుకారు అందరూ ఒకేరోజు నష్టపోతారు. అందుచేత తుఫాను నష్టానికి సొమ్ము ఆ ప్రాంతం బయటి నుంచే రావాలి. బీమా చేసే పని అదే. తుఫాను తగలని ఊళ్లవారు కట్టిన ప్రీమియం కూడా తగిలిన ఊరికి వస్తుంది. బీమా కంపెనీలు సైతం తమపై పడే భారంలో కొంత జనరల్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ వంటి రీఇన్సూరెన్స్ సంస్థలకు పంచుతాయి.

కాగితంలో ఏముందో చూశారా?

“బ్యాంకువారు బీమా చేయించారు గదా” అనే ధీమా చాలామందిలో కనిపిస్తుంది. ప్రీమియం ఖాతాలోంచి పోతుంది, పాలసీ కాగితం బ్యాంకు ఫైలులో ఉంటుంది. అందులో సరకు విలువ ఎంత రాశారో, ఏ గోదాము చిరునామా రాశారో తెలిసేది తుఫాను తరువాతే. అప్పు ఉన్నంత మేరకే బీమా చేసి ఉండవచ్చు. పాత షెడ్డు పేర పాలసీ, కొత్త షెడ్డులో సరకు ఉండవచ్చు. పాలసీలో లేని చోట ఉన్న సరకుకు సొమ్ము రాదు.

అన్నిటికంటె ఎక్కువమంది దెబ్బతినేది విలువ తక్కువ చూపడం వల్ల. ఒక గోదాములో 40 లక్షల రూపాయల సరకు ఉంది. ప్రీమియం కలిసివస్తుందని 20 లక్షలకే బీమా చేశారు. తుఫానుకు 10 లక్షల సరకు తడిసింది. పాలసీ 20 లక్షలది కనుక 10 లక్షలూ వస్తాయని యజమాని అనుకుంటాడు. రావు. సగం విలువకే బీమా ఉన్నది గనుక నష్టంలోనూ సగం, అంటే 5 లక్షలే లెక్కకు వస్తుంది. అందులోనూ మొదటి కొంత మొత్తం యజమానే భరించాలి.

చిన్న వ్యాపారుల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ వచ్చింది. ఒకచోట ఉన్న భవనం, యంత్రాలు, సరకు అన్నీ కలిపి విలువ 5 కోట్ల రూపాయలకు మించనివారు దీనిని తీసుకోవచ్చు. 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు ఉన్నవారికి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష ఉంది. అగ్నిప్రమాదంతోపాటు తుఫాను, వరద, భూకంపం వీటిలో చేరి ఉన్నాయి. అసలు విలువకంటె బీమా 15 శాతం వరకు తక్కువైనా సొమ్ములో కోత ఉండదు.

అయితే అన్ని నష్టాలూ వీటిలోకి రావు. తిత్లీ తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలా పని ఆగి పోయిన రాబడికి, కూలికి ఈ పాలసీలు బాధ్యత వహించవు. తోటలోని చెట్లూ వీటిలోకి రావు. పాత రేకుల చిల్లుల్లోంచి కారిన నీటికి సరకు తడిస్తే అది తుఫాను నష్టం కాదని అభ్యంతరం రావచ్చు. కప్పు బాగుచేసుకోవడం, బస్తాలను నేలమీద కాక ఎత్తు చెక్కలపై పేర్చడం యజమాని చేసుకోవలసిన పనులే.

గడువు చిన్నది

వాతావరణ శాఖ తుఫాను అప్రమత్తత సందేశం సుమారు 48 గంటల ముందు, తుఫాను హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. ఆ వ్యవధిలో బస్తాలపై టార్పాలిన్లు కప్పవచ్చు, లెక్కల పుస్తకాలు భద్రపరచవచ్చు. బీమాకు మాత్రం అది సమయం కాదు. ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీకి బాధ్యత లేదని బీమా చట్టమే చెబుతున్నది. హెచ్చరిక వెలువడ్డాక కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

నష్టం జరిగితే వెంటనే కంపెనీకి తెలియజేయాలి. తడిసిన సరకును సర్వేయరు చూసేవరకు పారవేయకూడదు. ఫోటోలు తీసి ఉంచాలి. కొనుగోలు బిల్లులు, సరకు రిజిస్టరు, బ్యాంకుకు ఇచ్చిన నిల్వల పట్టిక ఒకదానికొకటి సరిపోవాలి. పన్నుకు వెరచి లెక్కల్లో చూపని సరకుకు బీమా సొమ్ము అడిగే దారి లేదు.

కంపెనీ సొమ్ము నిరాకరించినా, తగ్గించినా ముందుగా ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సబబుగా లేకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సొంత పేరున వ్యాపారం చేసేవారికి, సూక్ష్మ పరిశ్రమలకు ఈ సదుపాయం ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర లేదు.

ఏటా సెప్టెంబరులోగా బ్యాంకులు ప్రతి ఖాతాదారుకు పాలసీ నకలు ఇచ్చి, విలువ, చిరునామా సరిచూడవలసి ఉంది. వ్యాపార సంఘాలు ఇందుకోసం ఒక రోజు కేటాయిస్తే చిన్న కార్ఖానాదారులకు ఎంతో మేలు జరుగుతుంది. నకలు ఇవ్వని బ్యాంకును అడిగి తీసుకునే హక్కు ప్రీమియం కట్టినవారికి ఉంది.