గోలీ అట్టపై బల్క్ డ్రగ్ కంపెనీ పేరు ఉండాలి!



మందుల షాపులో కొన్న గోలీల అట్ట తిప్పి చూడండి. గోలీ తయారుచేసిన కంపెనీ పేరు ఉంటుంది. లోపలి అసలు మందు, అంటే బల్క్ డ్రగ్, ఏ ఊరి ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో ఉండదు. మందుల తయారీలో వాగుల్ని చంపే కాలుష్యం ఎక్కువగా పుట్టేది ఆ ఫ్యాక్టరీల్లోనే.

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో అప్పట్లో సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన సూక్ష్మజీవులపై రేపు ఆసుపత్రిలో ఆ మందు పనిచేయకపోవచ్చు. ఇక్కడ తయారయ్యే మందులు దేశదేశాలకూ వెళ్తాయి. పటాన్‌చెరు కాలుష్యం మోసిన నక్కవాగు సంగతి కొనేవారికి ఎవరు చెప్పారు?

వివరాలు లేక కాదు. 2023 జనవరి 1 నుంచి బల్క్ డ్రగ్ డబ్బాలపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకూ తప్పనిసరి. ఫ్యాక్టరీల కాలుష్య లెక్కలు ఆన్‌లైన్‌లో ప్రజలకు కనబడాలని సుప్రీంకోర్టు 2017లోనే ఆదేశించింది. ఈ మూడింటినీ కలిపి ఒక్క మ్యాప్ మీద పెట్టమని అడుగుతున్నాం. గోలీ కోడ్ స్కాన్ చేస్తే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ, దాని వ్యర్థజలాలు చేరే చోటు, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నోటీసులు కనబడాలి.

ఇది వ్యాపార రహస్యమని కంపెనీలు అనొచ్చు. మేం ధర అడగలేదు, ఫార్ములా అడగలేదు. బట్టల వ్యాపారంలో ఏం జరిగిందో చూడండి. 2013లో బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు, అక్కడ ఎవరి బట్టలు కుట్టారో తెలుసుకోవడానికి శిథిలాల్లో లేబుళ్లు ఏరాల్సి వచ్చింది. తర్వాత ఎన్నో పెద్ద బ్రాండ్లు తమ ఫ్యాక్టరీల జాబితాలు బయటపెట్టాయి. ఓపెన్ సప్లై హబ్ అనే మ్యాప్‌లో వాటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆ కంపెనీలేవీ రహస్యం పోయిందని మూతపడలేదు.

ఫ్యాక్టరీలు మూసేయమనడం లేదు. వాటిలో పనిచేసేది మన పిల్లలే. అయితే మ్యాప్ ఒక్కటే వాగును శుభ్రం చేయదు. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడతామని కేంద్రం 2020 ముసాయిదాలో రాసి, 2021 తుది నిబంధనల్లో తీసేసింది. వాటిని తిరిగి చేర్చాలి.

మీ గ్రామసభలో తీర్మానం చేయించండి. ఎంపీకి, ఎమ్మెల్యేకు అర్జీలు పెట్టండి. ఈ కరపత్రాన్ని మీ వీధి మందుల షాపులో, మీ డాక్టరు గదిలో అంటించండి.