మన మాటలు మన గాదెలో

మా గోడపత్రికను కంప్యూటర్లోకి ఎక్కించాక, పాఠకుల అభిప్రాయాలకు ఒక కంపెనీ ఉచితంగా చోటిచ్చింది. ఆర్నెల్లకే వాటి మధ్య ప్రకటనలు మొలిచాయి, వరిలో ఊదగడ్డిలాగా! చదివినవాళ్ల ఆనవాళ్లూ ఆ కంపెనీకే పోతున్నాయి. వడ్లు పరాయి గోదాములో పోసి రశీదు అడగని రైతును మా ఊళ్లో నేనెరగను. మరి మనం చదువుకున్నవాళ్లం కదా?

అందుకే డిపార్టుమెంటులో మూలనపడ్డ కంప్యూటరులో 'ఇస్సో' అనే సాఫ్ట్‌వేర్ పెట్టాం. ఇదీ ఉచితమే, కాని దీని లోపలి కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. అభిప్రాయాలన్నీ ఒక్క ఎస్‌క్యూలైట్ ఫైలులో ఉంటాయి. అది కాపీ చేసుకుంటే గాదె మన చేతిలో ఉన్నట్టే.

చాకిరీ లేదనను. కరెంటు పోతే అదీ పోతుంది. తిట్లూ, చెత్తా మనమే ఏరాలి. వారం వారం కాపీ తీయాలి. వచ్చే ఏడు మా బ్యాచి వెళ్లిపోతుంది. ఈ పని పట్టేదెవరో ఫస్టియర్ మిత్రులు ఇప్పుడే చెప్పాలి.