ఆరోగ్య దీపిక: పెద్దల మతిమరుపును చాదస్తమని కొట్టివేయరాదు

మన ఉద్యోగులలో అనేకుల ఇళ్లలో వృద్ధులైన తల్లిదండ్రులున్నారు. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం, తెలిసినవారి పేరు వెంటనే స్ఫురించకపోవడం ఆ వయసులో సహజమే. కాని నిత్యం నడిచే వీధిలోనే దారి తప్పడం, ఏళ్ల తరబడి చేసిన వంట ఎలా చేయాలో తోచకపోవడం, పింఛను లెక్క తెలియకపోవడం కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. జ్ఞాపకశక్తి, ఆలోచన, విచక్షణ క్షీణించి దైనందిన జీవనానికి అంతరాయం కలిగే ఈ స్థితినే డిమెన్షియా అంటారు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మంది, అనగా సుమారు 88 లక్షల మంది దీనితో బాధపడుతున్నారు.

వ్యాధి నిర్ధారణకు భారతీయ మనోవైద్య సంఘం 2018లో మార్గదర్శకాలను ప్రచురించింది. ఇందులో కుటుంబ సభ్యులిచ్చే సమాచారం అత్యంత కీలకం. తన లోపాన్ని రోగి గుర్తించలేకపోవచ్చు. మార్పు ఎప్పుడు మొదలైంది, హఠాత్తుగా వచ్చిందా, క్రమేణా పెరిగిందా అన్నది ఇంటివారే చెప్పాలి. రెండు మూడు రోజులలోనే అయోమయం కలిగితే మూత్రకోశ ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం వంటి కారణాలుండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జ్ఞాపకశక్తి పరీక్షకు 1975లో రూపొందిన 30 మార్కుల ప్రశ్నావళి ప్రసిద్ధమైనది. అయితే చదువురాని వారికి వ్యాధి లేకున్నా ఇందులో మార్కులు తగ్గవచ్చు. కనుక మార్కులొక్కటే తీర్పు కాదు.

థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, మానసిక కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు కూడా ఇటువంటి లక్షణాలనే కలిగించగలవు. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తరువాత మెదడుపై రక్తం గడ్డకట్టినా అంతే. రక్తపరీక్షలు, స్కానింగు చేయించేది అందుకే. వీటిని సకాలంలో గుర్తిస్తే రోగి చాలావరకు కోలుకునే అవకాశముంది. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటే చేజారేది ఈ అవకాశమే.

ఆల్జీమర్ వ్యాధి అని తేలితే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులు కొంతకాలం లక్షణాలను ఉపశమింపజేస్తాయి. వ్యాధిని నయం చేయవు. రోగిని శాంతపరచడానికి వాడే మనోవ్యాధి మందుల వలన వృద్ధులలో పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతుంది. వాటిని వైద్యుని పర్యవేక్షణలో, తప్పనిసరైనప్పుడే, స్వల్పకాలమే వాడాలి. రోజూ ఒకే వేళకు భోజనం, నిద్ర, ఇంట్లో తగిన వెలుతురు, వాదనకు దిగని ఓర్పు ఎంతో మేలు చేస్తాయి. సేవ చేసే వ్యక్తికి కూడా విశ్రాంతి అవసరం. ఆ భారం ఇంట్లో ఒక్కరిపైనే పడకూడదు.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు పెద్దలు వాడుతున్న మందులన్నీ వెంట తీసుకువెళ్లండి. మీరు గమనించిన మార్పులను తేదీలతో ఒక కాగితంపై వ్రాసి ఇవ్వండి. నిర్ధారణకు అది ఎంతో తోడ్పడుతుంది.