బ్రేకు ఫెయిలైంది సరే, జవాబు ఎవరు చెప్పాలి?

బస్సు లోయలో పడిన ప్రతిసారీ ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అనే మాట వింటాం. విన్నవాళ్లు తలరాత అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. యంత్రలోపమే కారణమని యజమాని వాదిస్తే, తగిన జాగ్రత్త తీసుకున్నా ఆ లోపం బయటపడేది కాదని నిరూపించాల్సింది కూడా యజమానేనని 1977లో మినూ బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఒక్క బస్సులో వందమందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల పేదలు. బ్రేకుల మాట అప్పుడూ వినిపించింది. అండమాన్‌లోని వండూర్ నుంచి శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) వెళ్లే బస్సెక్కే తెలుగు కూలీకి కూడా ఇదే మోటారు వాహనాల చట్టం దిక్కు. ఆమె కుటుంబం అప్పీలుకు మాత్రం కలకత్తా హైకోర్టును ఆశ్రయించాలి.

మరి బీమా? మెయింటెనెన్స్ సరిగా లేదనే సాకుతో బాధితులకు పరిహారం ఎగ్గొట్టే అవకాశం 150వ సెక్షన్ బీమా కంపెనీకి ఇవ్వలేదు. ఇది మంచిదే. ప్రభుత్వ రవాణా సంస్థలకు 146వ సెక్షన్ కింద బీమా నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు, బదులుగా నిధి ఉండాలి. అయితే చెల్లించేది బీమా కంపెనీ అయినా, నిధి అయినా, చెక్కు చేతికొచ్చాక బ్రేకులు ఎందుకు ఫెయిలయ్యాయో అడిగేవాళ్లుండరు.

అసలు అన్యాయం లెక్కలో ఉంది. 2009 సరళా వర్మ తీర్పు ప్రకారం పరిహారానికి మూలం మృతుల ఆదాయం, వయసు. కూలి తక్కువైతే ప్రాణం ధరా తక్కువే. కులం ఎవరి చేతికి పార ఇచ్చిందో, ఎవరి చేతికి పెన్ను ఇచ్చిందో ఆ తేడా ట్రైబ్యునల్ లెక్కలోనూ కొనసాగుతుంది. కూలీలెక్కే బండికి కొత్త బ్రేకులు వేయించడం కన్నా పరిహారం కట్టడమే చౌక అనిపించే వ్యవస్థ ఇది. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యం గురించి 1949 నవంబర్ 25న అంబేద్కర్ హెచ్చరించింది ఇందుకే.

కాబట్టి రెండు డిమాండ్లు. వాహనం మెయింటెనెన్స్ రికార్డును యజమాని మొదటి వాయిదాలోనే ట్రైబ్యునల్ ముందు పెట్టాలి. ఏ ప్రాణానికీ ఇంతకన్నా తగ్గకూడదనే గౌరవప్రదమైన కనీస పరిహారాన్ని చట్టమే నిర్ణయించాలి. న్యాయ విద్యార్థులు ఈ కేసులను బాధితుల పక్షాన నిలబడి చదవాలి.