చెవికీ నోటికీ మార్కులేవి?

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యా సంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆ ఏడాది ఎనిమిదిలో ఉన్నవారు 2025లో పదో తరగతి గట్టెక్కి ఇంటర్‌లో అడుగుపెట్టారు. హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండ, లాల్‌దర్వాజా, తలాబ్‌కట్ట, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట బస్తీల నుంచి వచ్చే ఈ పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒక భాష, వీధిలో మరొకటి, పుస్తకంలో ఇంగ్లిష్. పుస్తకంలోని ఇంగ్లిష్‌ను చూసి రాయడం బడి ఎంతో కొంత నేర్పింది. ఎదురుగా లెక్చరర్ చెబుతుంటే విని పట్టుకోవడం, లేచి నిలబడి ఒక ప్రశ్న అడగడం మాత్రం నేర్పలేదు. మీడియం మార్చిన ప్రభుత్వమే ఈ రెండూ నేర్పాలి, వాటికి పరీక్ష పెట్టాలి, మార్కులు వేయాలి. అంతవరకు ఇంగ్లిష్ మీడియం పేరుకే మిగులుతుంది.

డిగ్రీ మొదటి ఏడాది క్లాసులో ఓ అరగంట వెనక బెంచీలో కూర్చుంటే చాలు, సంగతి తెలిసిపోతుంది. ధరలు పెరగడానికి మూడు కారణాలున్నాయని ఎకనామిక్స్ లెక్చరర్ ఇంగ్లిష్‌లో మొదలుపెడతారు. మొదటి కారణం చెప్పి, దానికో ఉదాహరణ ఇచ్చి, ‘హవెవర్’ అని ఒక మెలిక పెట్టి, రెండో కారణానికి వెళ్తారు. పక్కనున్న అమ్మాయి ‘ఇన్‌ఫ్లేషన్’ అని రాసుకుంటుంది, ‘డిమాండ్’ అని రాసుకుంటుంది. ‘హవెవర్’ దగ్గర మాట తిరిగిన సంగతి పట్టించుకోదు. ఉదాహరణనే రెండో కారణం అనుకుని దానికి అంకె వేస్తుంది. మూడోది వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ‘ఎనీ డౌట్స్?’ అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. చివరికి లెక్చరరే విసుగొచ్చి ‘సరే, రాసుకోండి’ అంటూ నోట్సు చెబుతారు. పరీక్షలో ఆ నోట్సే దించి అమ్మాయి పాసవుతుంది. అదే పాఠం ఉర్దూలోనో తెలుగులోనో చెప్పి చూడండి, తిరిగి అప్పజెప్పి ఆపైన వాదనకు కూడా దిగుతుంది. లోపం ఆమె తెలివిలో లేదు, ఆమెకు అందని శిక్షణలో ఉంది.

ఆ శిక్షణ పాఠ్యపుస్తకంలో లేకపోలేదు. హైస్కూలు ఇంగ్లిష్ పుస్తకాలు తిరగేస్తే పాఠాల చివర ‘లిజనింగ్’, ‘ఓరల్ యాక్టివిటీ’ అనే అభ్యాసాలు కనిపిస్తాయి. టీచరు చదివి వినిపించాలి, పిల్లలు విని చెప్పాలి, చర్చించాలి. పదో తరగతి రాత పరీక్షలో మాత్రం వీటి ఊసే ఉండదు. చదివి జవాబులు రాయడం, ఉత్తరం రాయడం, వ్యాకరణం, పదజాలం... అన్నీ కాగితం మీదే. బోర్డు అడగని అభ్యాసానికి పీరియడ్ వృథా చేయడం ఎందుకని టీచర్లు దాన్ని దాటేస్తారు. గైడ్లలోనూ దానికి జవాబు ఉండదు గనుక పిల్లలకూ అది పాఠం కిందికి రాదు. ఇంగ్లిష్‌ను మాట్లాడే భాషగా ప్రకటించి రాసే భాషగానే పరీక్షించడం ఒడ్డున కూర్చోబెట్టి ఈత పాఠం రాయించడమే.

సర్కారు ఈ లోటు అసలు గమనించలేదని అనలేం. ఇంటర్ మొదటి ఏడాది ఇంగ్లిష్‌లో 2023-24 నుంచి 20 మార్కులకు ప్రాక్టికల్స్ తెచ్చారు. మంచి నిర్ణయం. సీబీఎస్ఈ బడుల్లో వినడం, మాట్లాడడం అంతర్గత మార్కుల్లో భాగమై చాలా ఏళ్లయింది. అయితే పదహారేళ్లకు మొదలుపెట్టే ప్రాక్టికల్ ఆరో తరగతిలో పడాల్సిన పునాదికి బదులు కాలేదు. పైగా ల్యాబ్ లేని కాలేజీలో, హెడ్‌ఫోన్ చూడని పిల్లలకు, రికార్డు పుస్తకం రాయించి అందరికీ 18 మార్కులు వేసి పంపితే అది తూతూమంత్రమే అవుతుంది.

ఇక్కడ ఒక అపోహను పక్కనపెట్టాలి. పాతబస్తీ గోడల మీద స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ల బోర్డులకు కొదవ లేదు. కుశల ప్రశ్నలు, దుకాణంలో బేరం, ఇంటర్వ్యూలో నాలుగు ముక్కలు అక్కడ వస్తాయి. చదువుకు కావలసిన ఇంగ్లిష్ వేరు. కారణాన్ని ఫలితం నుంచి వేరుచేసి వినాలి, నిర్వచనాన్ని సొంత మాటల్లో చెప్పాలి, గ్రాఫ్ చూపిస్తూ వివరించాలి, ‘మీ వాదనతో నేను ఏకీభవించడం లేదు’ అని మర్యాదగా అనగలగాలి. కెనడా భాషా శాస్త్రవేత్త జిమ్ కమిన్స్ 1979 నుంచీ ఈ తేడానే ఎత్తిచూపుతూ వచ్చారు. వలస వచ్చిన పిల్లలకు రోజువారీ మాటలు సుమారు రెండేళ్లలో పట్టుబడతాయి, తరగతి గది భాష పట్టుబడడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన తేల్చారు. అదీ చుట్టూ ఇంగ్లిష్ వినిపించే దేశంలో. బడి గంట కొట్టాక ఇంగ్లిష్ మాటే చెవినపడని హుస్సేనీ ఆలంలో ఎంతకాలం పట్టాలి? మీడియం మార్చాం, భాష దానంతటదే వస్తుందని చేతులు దులుపుకోవడం ఎలా కుదురుతుంది?

మీడియం మార్చడం ఎలాగో ఈ నగరానికి తెలియనిది కాదు. ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 1919లో పాఠాలు మొదలుపెట్టింది. దానికి ముందే, 1917లో, అనువాద విభాగం దారుల్ తర్జుమా ఏర్పడింది. సైన్సుకు, చరిత్రకు, న్యాయశాస్త్రానికి పరిభాష కూర్చి, పుస్తకాలు తర్జుమా చేసే పని చేపట్టింది. ఇంగ్లిష్‌ను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు కూడా. నయాపూల్ దగ్గర హైకోర్టు పక్కన మూసీ ఒడ్డున నిలిచిన 1921 నాటి సిటీ కాలేజీ ఆ కాలపు చదువులకు సాక్షి. ఆ ప్రయోగం మంచిచెడ్డల మీద ఎన్ని వాదాలున్నా, భాష మార్చేముందు సరంజామా సిద్ధం చేసుకోవాలన్న ఇంగితం అందులో ఉంది. 2022లో ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చయ్యాయి, టీచర్లకు కొన్ని వారాల శిక్షణా జరిగింది. పుస్తకం కంటికి పనికొస్తుంది. చెవికి, నోటికి ఏ సరంజామా సమకూర్చారో విద్యాశాఖే చెప్పాలి.

ఇది మాతృభాషల మీద యుద్ధం కాకూడదు. దక్కనీలోనో తెలుగులోనో విషయాన్ని ముందు అర్థం చేసుకున్న పిల్లకు ఇంగ్లిష్‌లో అదే విషయం వినడం సులువవుతుంది. క్లాసులో ఉర్దూ, తెలుగు మాటలు దొర్లితే జరిమానా వేసే పద్ధతి చదువుకు శత్రువు. యాస మీద వెక్కిరింపులూ మానాలి. ‘ఇస్కూల్’ అన్నంత మాత్రాన వాదన పలచబడదు. వినేవారికి అర్థమయ్యేలా, తడుముకోకుండా, వరసగా చెప్పగలిగితే చాలు.

ఏం చేయాలో తెలియక ఆగిన పని కాదు ఇది. ఉదాహరణకు 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద గురించి టీచరు ఆరు నిమిషాలు తేలికపాటి ఇంగ్లిష్‌లో మాట్లాడవచ్చు. కుండపోత వాన, తెగిన చెరువులు, కొట్టుకుపోయిన వంతెనలు, ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మధ్యలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో జనాన్ని కాపాడిన చింతచెట్టు కథ. పిల్లలు వింటూ కాగితాన్ని రెండు గళ్లు చేసి ఒకవైపు కారణాలు, మరోవైపు ఫలితాలు రాసుకోవాలి. చింతచెట్టును ఎవరైనా కారణాల్లో వేస్తే అక్కడే ఆగి, అది ఉదాహరణ ఎందుకయిందో మాట్లాడుకోవాలి. ఆ తర్వాత పక్కవారితో సరిచూసుకుని, సొంత కాగితం చూస్తూ రెండు నిమిషాలు చెప్పాలి. వింటున్నవారు ఒక్క ప్రశ్నయినా అడగాలి. దీనికి కావలసింది టీచరు గొంతు, తెల్లకాగితం, ఒక పీరియడ్. సాధారణ బడుల్లో ఇలాంటి పనుల ద్వారానే ఇంగ్లిష్ నేర్పవచ్చని ఎన్.ఎస్.ప్రభు 1979 నుంచి 1984 వరకు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు మన దక్షిణాదిలోనే చేసి చూపింది.

అరవై మంది ఉన్న క్లాసులో అందరితో మాట్లాడించేదెలా అన్నది టీచర్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఒక్కొక్కరికి రెండు నిమిషాలిస్తే రెండు గంటలవుతుంది, అంటే నెలకు మూడు పీరియడ్లు. డిక్టేషన్‌కు పోయే పీరియడ్లలో మూడు ఇటు మళ్లిస్తే సరిపోతుంది. ఫోన్లో యాప్‌లున్నాయి కదా అనేవారూ ఉన్నారు. సాధనకు అవి పనికొస్తాయి. నలుగురి ఎదుట లేచి నిలబడే ధైర్యం మాత్రం ఆ నలుగురి మధ్యే రావాలి.

విదేశాలకు వెళ్లేవారి సంగతి చూస్తే మన వివక్ష బయటపడుతుంది. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్కసారే వినిపించే రికార్డింగు మీద 40 ప్రశ్నలుంటాయి, 11 నుంచి 14 నిమిషాల ముఖాముఖి సంభాషణ ఉంటుంది. దానికి వేలకు వేలు పోసి కోచింగ్ తీసుకునే స్తోమత ఉన్నవారు ఆ విద్య కొనుక్కుంటున్నారు. బార్కస్ నుంచో ఉప్పుగూడ నుంచో సర్కారు కాలేజీకి వచ్చే పిల్లకు అదే విద్య ఎవరు ఇస్తారు? పరాయి దేశపు వర్సిటీ చేర్చుకునే ముందు అడిగే నైపుణ్యాన్ని మన వర్సిటీ చేర్చుకున్న తర్వాతైనా నేర్పకపోవడం సిగ్గుచేటు.

దేశానికే ఇంగ్లిష్ బోధన నేర్పడానికి 1958లో పుట్టిన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. సీఫెల్‌గా పేరు మార్చుకుని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై, ఇఫ్లూగా తార్నాకలో నడుస్తోంది. పాతబస్తీకి అది ఒక సిటీ బస్సు దూరం. సిటీ కాలేజీని, ఫలక్‌నుమా, హుస్సేనీ ఆలం డిగ్రీ కాలేజీలను, వాటి చుట్టూ ఉన్న హైస్కూళ్లను ఇఫ్లూకు అప్పగించి, అక్కడి టీచర్లకు ఏడాది పొడవునా క్లాసులోనే శిక్షణ ఇప్పించేలా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకోవాలి. డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో అన్ని గ్రూపుల వారికీ లెక్చర్ వినడం, నోట్సు రాసుకోవడం, ప్రశ్న అడగడం మీద క్రెడిట్లున్న కోర్సు పెట్టాలి. ఆరో తరగతి నుంచే ఇంగ్లిష్ మార్కుల్లో నాలుగో వంతు వినడానికి, మాట్లాడడానికి కేటాయించి, పదో తరగతిలో ఆ పరీక్షను బయటి ఎగ్జామినర్‌తో జరిపించాలి.

శిక్షణ, ల్యాబులు, కోర్సులు ఎన్ని తెచ్చినా ప్రశ్నపత్రం మారకపోతే అన్నీ ఉత్తర్వుల్లోనే మిగిలిపోతాయి. మన బడుల్లో పరీక్షకు రానిది పాఠానికీ రాదు. కాబట్టి విద్యాశాఖ ముందు మార్చాల్సింది ప్రశ్నపత్రం. ఆ పని వచ్చే విద్యా సంవత్సరంలోనే జరగాలి.