గోడకి రంగేసే ముందు గదిలో ఎవరుంటారో చూడండి

మీలో ఎంతమంది ఇళ్ళల్లో లాఫింగ్ బుద్ధా ఉన్నాడు? మా విజయవాడ ఇంట్లో ఒకడు టీవీ పక్కన ఉన్నాడు, ఇంకొకడు నాన్న బట్టల షాపులో క్యాష్ కౌంటర్ మీద కూర్చున్నాడు. వీళ్ళు కాక బీరువా మీద నోట్లో నాణెం పెట్టుకున్న మూడు కాళ్ళ కప్ప. నిరుడంతా షాపు డల్‌గా ఉంది. అప్పట్నుంచి అమ్మ ఫెంగ్ షుయ్ వీడియోలు చూడటం మొదలుపెట్టింది.

ఇలాంటి వ్యాసాల్లో మామూలుగా "మూఢనమ్మకం" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నేను అలా తేల్చలేను, ఎందుకంటే మా ఇంట్లో జరిగిన దాంట్లో సగం తప్పు నాది.

సెకండ్ సెమ్ అయిపోయి ఇంటికెళ్ళేసరికి ఇంటికి రంగులు వేయించాలని డిసైడ్ అయ్యారు. ఏ దిక్కుకి ఏ రంగో చూసి చెప్పమని అమ్మ నాకు అప్పజెప్పింది. నేనూ ఉత్సాహంగా చదివా. నిజం చెప్పాలంటే చాలా నచ్చింది. ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీరు. పాతకాలపు చైనాలో సమాధి ఎక్కడ కట్టాలి, ఇల్లు ఎక్కడ కట్టాలి అని కొండలనీ నీళ్ళనీ చూసి నిర్ణయించే విద్య ఇది. చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు అని ఐదు. మనకి పంచభూతాలు గుర్తొస్తాయి కానీ ఇవి వేరు, గాలీ ఆకాశం వీటిల్లో లేవు. అసలు వాళ్ళ మాటలో ఇవి పదార్థాలు కూడా కావు, నడకలు, అంటే ఒకటి ఇంకోదానిగా మారే దశలు.

చెట్టు నిప్పుని పెంచుతుంది, నిప్పు బూడిదై మట్టవుతుంది, మట్టిలోంచి లోహం, లోహం మీద నీరు, నీటితో మళ్ళీ చెట్టు. మన సీఎస్ఈ వాళ్ళకైతే ఐదు నోడ్‌లున్న డైరెక్టెడ్ గ్రాఫ్. పక్క నోడ్‌కి వెళ్తే పోషణ, ఒకటి వదిలి తర్వాతదానికి వెళ్తే అదుపు: నీరు నిప్పుని ఆర్పుతుంది, మట్టి నీటికి కట్ట వేస్తుంది. మోడ్ 5 లెక్క. పేపర్ మీద వేస్తే బయట పెంటగన్, లోపల స్టార్. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

రంగులు కూడా అంతే పద్ధతిగా ఉన్నాయి. తూర్పు చెట్టు, ఆకుపచ్చ. దక్షిణం నిప్పు, ఎరుపు. నడుమ మట్టి, పసుపు. పడమర లోహం, తెలుపు. ఉత్తరం నీరు, నలుపు. బీజింగ్‌లో పాత రాజుల భూదేవత పూజావేదిక మీద ఇప్పటికీ ఈ ఐదు రంగుల మట్టి ఇదే దిక్కుల వరసలో కనిపిస్తుంది.

ఇక మా ఇల్లు. ముందు ఫౌంటెన్ గొడవ. ఫెంగ్ షుయ్‌లో ఆగ్నేయం డబ్బు మూల, చెట్టు తత్వం. నీరు చెట్టుని పెంచుతుంది కాబట్టి అక్కడ చిన్న ఫౌంటెన్ పెట్టాలి. అమ్మ తెప్పించింది. నానమ్మ చూసి, "ఆగ్నేయంలో నీళ్ళేంటే! అది అగ్నిహోత్రుడి చోటు" అని గోల. మన వాస్తులో అక్కడ పొయ్యి ఉండాలి కదా. ఒకే మూల, రెండు మ్యాపులు. ఫౌంటెన్ బాల్కనీలోకి పోయి ఎండిపోయింది.

తర్వాత ఉత్తరం గది. అది నానమ్మది. నలుపు అంటే ఎవరూ ఒప్పుకోరని ముదురు నీలం సెలెక్ట్ చేసింది నేనే. ఫోన్‌లో దిక్సూచి బీరువా పక్కన ఒకటి చూపిస్తే బాల్కనీలో ఇంకోటి చూపించింది. ఇనుము దగ్గర ఫోన్ మాగ్నెటోమీటర్ తప్పుతుందని తెలిసి కూడా పట్టించుకోలేదు. నానమ్మని అయితే అడగనే లేదు.

ఆ గదికి ఒకటే కిటికీ. నానమ్మకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయినా చూపు అంతంతమాత్రమే. ముదురు రంగు వెలుతురుని మింగేస్తుంది, గోడ మీద పడ్డ దాంట్లో కొంచెమే తిరిగొస్తుంది. పగలే లైటు వేసుకోవడం మొదలుపెట్టింది. నల్లటి టేకు మంచం నీలం గోడలో కలిసిపోయింది. పది రోజుల తర్వాత ఒక సాయంత్రం మంచం ఉందనుకుని లేనిచోట కూర్చుంది. మణికట్టు వాచి రెండు వారాలు కట్టు. "నీ తప్పేం లేదు నాన్నా, నేనే చూసుకోలేదు" అంది. ఆ మాట విన్నాక చార్ట్ చింపేద్దామనిపించింది.

బీజింగ్ రాజభవనంలో ఒక గ్రంథాలయం ఉంది, వెన్‌యువాన్ గె. మిగతా కప్పులన్నీ దాదాపు పసుపు పెంకులైతే దీనికి నల్ల పెంకులు. నలుపు నీటి రంగు, పుస్తకాలకి నిప్పు తగలకూడదని. కానీ దాని ఎదురుగా చెరువు కూడా తవ్వి నీళ్ళు నింపారు! నమ్మకం కప్పు మీద, జాగ్రత్త నేల మీద. మేము కప్పు కాపీ కొట్టి చెరువు వదిలేశాం. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో జరుగుతున్నది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం. వెలుతురు, గాలి, గదిలో మనిషి వయసు, ఇవేవీ చార్ట్‌లో ఉండవు. చూడాల్సింది ముందు అవి.

అమ్మ మీద మాత్రం నాకు కోపం లేదు. షాపులో అమ్మ చేయగలిగింది ఏమీ లేదు. నాన్న లెక్కలు చెప్పడు. మార్చగలిగినవి గోడలే, గోడలు మార్చింది. లాజిక్‌తో వాదిస్తే "నీకేం తెలుసు" అని లేచి వెళ్ళిపోతుంది, నాకు నిజంగానే తెలీదు కూడా.

అందుకని గ్రాఫ్ తీశా. "అమ్మా, నీటిని పుట్టించేది లోహం. లోహం రంగు తెలుపు. ఉత్తరానికి తెలుపు వేస్తే నీటికి ఇంకా బలం." ఒక ఎడ్జ్ వెనక్కి వెళ్ళానంతే. అమ్మ చాలాసేపు చార్ట్ చూసి సరే అంది. ఇది మోసమా? మా రూమ్మేట్ మోసమే అంటున్నాడు. కావచ్చు. పసుపు అడిగి ఉంటే మాత్రం దొరికిపోయేవాణ్ణి, మట్టి నీటికి కట్ట వేస్తుంది కదా.

ఈసారి నానమ్మని అడిగాకే వేయించాం. నీలం పోవడానికి ప్రైమర్ మీద మూడు కోట్లు పట్టింది. "సున్నం కొట్టినట్టుంది, హాయిగా ఉంది" అంది. కప్పని కూడా ఆ గదిలోనే పెట్టించుకుంది. డబ్బు కోసం కాదు, దానికి ఒక కాలు లేదని జాలి.